ఓయిసో: ఎనిమిది మంది ప్రధానులు, రెండు వేల మంది పిల్లలు

జపాన్ చూడ్డానికి వచ్చే మనవాళ్ళు టోక్యో, క్యోటో, హిరోషిమా అని ముందే రాసుకుని వస్తారు. చూడాల్సినవే. కానీ ఈ దేశం గత నూట యాభై ఏళ్ళలో ఎలా లేచింది, ఎలా పడింది, మళ్ళీ ఎలా నిలబడింది అని ఎవరైనా అడిగితే, ఒక్క రోజు ఓయిసో వెళ్ళిరమ్మని చెబుతాను. టోక్యోలో తోకాయిదో లైను మామూలు రైలెక్కితే గంటా పది నిమిషాల ప్రయాణం. నేనుండే యొకొహామా నుంచి ఇంకా దగ్గర. జనాభా సుమారు 31 వేలు. వెనక చిన్న కొండలు, ముందు సగామి అఖాతం, మధ్యలో సన్నగా పరుచుకున్న ఊరు. మన భీమిలికి విశాఖ ఎలాగో దీనికి యొకొహామా, టోక్యోలు అలాగ. పొద్దున్నే ఉద్యోగాలకి రైలెక్కుతారు, చీకటి పడ్డాక దిగుతారు. పగలు పెద్దవాళ్ళు, బడిపిల్లలు తప్ప వీధుల్లో అలికిడి ఉండదు. నెలలో మూడో ఆదివారం రేవులో సంత జరుగుతుంది. ఆ రోజు మాత్రం ఊరు కళకళలాడుతుంది.

ఇంత చిన్న ఊళ్ళో ఎనిమిది మంది ప్రధానమంత్రులకి ఇళ్ళుండేవి. ఇతో హిరోబుమి, యమగాతా అరితోమో, ఓకుమా షిగెనోబు, సయొంజీ కిమ్మోచి, తెరావుచి మసతాకే, హరా తకాషి, కతో తకాకి, యోషిదా షిగేరు. అదే ఊళ్ళో, స్టేషన్‌కి ఎదురుగా, దాదాపు రెండు వేల మంది దిక్కులేని పిల్లల్ని పెంచిన ఆశ్రమం కూడా ఉంది. దేశాన్ని నడిపించినవాళ్ళు ఏం చేశారో ఆ ఇళ్ళ దగ్గర తెలుస్తుంది. దాని భారం చివరికి ఎవరు మోశారో ఈ ఆశ్రమం దగ్గర తెలుస్తుంది. ఓయిసోని నేను ఇష్టపడేది అందుకే.

మొదట ఇదొక మజిలీ. 1601లో తొకుగావా ఇయెయాసు, ఎదో నుంచి క్యోటో దాకా పోయే తోకాయిదో బాట మీద మజిలీల ఏర్పాటు మొదలుపెట్టాడు. ఎదో అంటే నేటి టోక్యో. మొత్తం 53 మజిలీల్లో ఓయిసో ఎనిమిదోది. ప్రభువుల పరివారాలు, వర్తకులు, యాత్రికులు అందరూ ఇక్కడ ఆగేవారు. చిత్రకారుడు హిరోషిగే ఆ 53 మజిలీల బొమ్మలు గీసినప్పుడు ఓయిసోని వానలో గీశాడు. పాత కథల్లోని సోగా అన్నదమ్ముల్లో ఒకడి కోసం ఏడ్చిన తోరా అనే స్త్రీ కన్నీళ్ళే ఆ వాన అని ఇక్కడి జనం చెప్పుకుంటారు. ఆ పాత బాటకి రెండువైపులా నీడకోసం పెంచిన పైన్ చెట్ల వరుస ఇప్పటికీ కొంతమేర నిలిచి ఉంది. వాటి కిందే ఒకటో నంబరు జాతీయ రహదారి పోతుంది.

1868లో తొకుగావా వంశపు షోగున్ల, అంటే సైనిక పాలకుల, ఏలుబడి పోయి మేయిజీ చక్రవర్తి పేరున కొత్త ప్రభుత్వం వచ్చింది. ప్రభువుల పరివారాలు ఆగిపోయాయి. మజిలీ ఊళ్ళకి బతుకుతెరువు పోయింది. అలా చితికిపోతున్న ఓయిసోకి ఒక డాక్టరు దారి చూపించాడు. ఆయన పేరు మత్సుమోతో జున్. నాగసాకిలో పాంపే అనే డచ్చి వైద్యుడి దగ్గర పాశ్చాత్య వైద్యం చదివి, జపాన్ సైన్యానికి వైద్యాధిపతి అయినవాడు. సముద్రస్నానం ఒంటికి మంచిదని నమ్మి, తగిన తీరం కోసం వెతికి, 1885లో ఓయిసోలోని తేరుగసాకి దగ్గర స్నానఘట్టం తెరిపించాడు. అప్పటి స్నానం ఈత కాదు. రాళ్ళలో పాతిన ఇనుప కడ్డీలు పట్టుకుని నిలబడితే అలలు వచ్చి ఒంటికి తగలాలి, అదే వైద్యం. తర్వాత యొకొహామా నుంచి రైలు మార్గం పొడిగిస్తుంటే ఇక్కడ స్టేషన్ పెట్టాలని ఆయన పట్టుబట్టాడు. 1887లో స్టేషన్ వచ్చింది. దాని వెంట పెద్దవాళ్ళ విడిది బంగళాలు వచ్చాయి.

తేరుగసాకి దగ్గర మత్సుమోతో స్మారక స్తంభం ఉంది. దాని ముందున్న రాళ్ళ మీద, వేసవిలో పొద్దున్నే వెళితే, మనుషులకంటే పట్టుదలగా సముద్రానికి వచ్చే అతిథులు కనిపిస్తాయి. ఆకుపచ్చ పావురాలు. తన్‌జావా కొండల నుంచి గుంపులుగా వచ్చి, ఊరి మీద ఒక చుట్టు చుట్టి, రాళ్ళ గుంటల్లో నిలిచిన ఉప్పునీళ్ళు తాగుతాయి. అడవి పళ్ళ మీదే బతికే ఈ పక్షులకి తిండిలో ఉప్పు చాలదు, అందుకోసం ఇంత దూరం వస్తాయి. అల వచ్చే లోపు రెండు మూడు గుక్కలు తాగి లేవాలి. ఒక్క క్షణం ఆలస్యమైతే అల మీద పడుతుంది. పైన డేగ కాచుకుని ఉంటుంది. కెమెరా పట్టుకుని కూర్చున్న ఒక పెద్దాయన, "అన్ని పక్షులూ తిరిగి వెళ్ళవండీ, అయినా రేపు మళ్ళీ వస్తాయి" అన్నారు. ఈ చోటుని పక్షులతో సహా కనగావా రాష్ట్రం సహజ స్మారకంగా కాపాడుతోంది.

ఇక ఇతో హిరోబుమి. మేయిజీ జపాన్ కథంతా ఈయన జీవితంలో ఉంది. పేద కుటుంబంలో పుట్టి, విదేశీ ప్రయాణం నిషేధమైన 1863లో రహస్యంగా ఓడెక్కి ఇంగ్లండు వెళ్ళి, తిరిగొచ్చి, 1885లో జపాన్ తొలి ప్రధాని అయ్యాడు. నాలుగుసార్లు ఆ పదవి చేశాడు. 1889 నాటి రాజ్యాంగం రూపొందించినవాళ్ళలో ముఖ్యుడు. చైనాతో యుద్ధం గెలిచి 1895లో షిమొనొసెకి సంధి కుదిర్చాడు. ఆ తర్వాత ఓయిసోలో సోరోకాకు అనే ఇల్లు కట్టుకుని 1897లో శాశ్వత నివాసం కూడా ఇక్కడికే మార్చుకున్నాడు. దేశ రాజకీయాలు నడిపే పెద్దలంతా రైలు దిగి ఇక్కడికే వచ్చేవారు.

అయితే ఇతో కథలో రెండో సగం కూడా ఉంది. 1905లో కొరియాని జపాన్ తన రక్షణ కిందికి తెచ్చుకున్నాక, అక్కడికి మొదటి రెసిడెంట్ జనరల్‌గా వెళ్ళింది ఈయనే. మన సంస్థానాల్లో ఇంగ్లీషు రెసిడెంటు చేసిన పని ఎలాంటిదో తెలిసిన మనకి ఆ పదవి గురించి వివరించనక్కర్లేదు. 1907లో కొరియా యువరాజు యీ ఉన్‌ని, పదేళ్ళ పిల్లవాణ్ణి, చదువు పేరుతో జపాన్ తీసుకొచ్చారు. 1909 అక్టోబరు 26న హార్బిన్ స్టేషన్‌లో ఆన్ జుంగ్ గున్ అనే కొరియా యువకుడు ఇతోని కాల్చి చంపాడు. మరుసటి ఏడే జపాన్ కొరియాని పూర్తిగా కలిపేసుకుంది. ఆన్‌ని కొరియా ఈ రోజుకీ దేశభక్తుడిగా పూజిస్తుంది.

ఈ సోరోకాకుకి తర్వాత పట్టిన గతి ఇంకా చిత్రం. 1921లో అది యీ రాజకుటుంబం చేతికి వచ్చింది. అంటే, కొరియా స్వతంత్రం పోగొట్టడంలో ముందున్న మనిషి ఇల్లు, ఆ రాజ్యం పోగొట్టుకున్న యువరాజుకి విడిది అయింది. 1923 సెప్టెంబరు 1న మహా భూకంపం వచ్చింది. దాని కేంద్రం ఈ సగామి అఖాతం అడుగునే. టోక్యో, యొకొహామాలతో కలిపి లక్ష మందికి పైగా పోయారు. ఓయిసో బంగళాలు చాలావరకు కూలిపోయాయి. సోరోకాకు కూడా కూలింది. 1926లో మళ్ళీ కట్టారు. ఇప్పుడు మేయిజీ స్మారక ఉద్యానంలో మనం చూసేది అలా తిరిగి లేచిన ఇల్లే.

తర్వాతి ఇరవై ఏళ్ళలో దేశంలో సైన్యం మాట చెల్లడం పెరిగిపోయింది. నవలాకారుడు షిమజాకి తోసోన్ 1941లో ఇక్కడికి వచ్చి, చిన్న ఇంట్లో కాపురముండి, చివరి నవల సగంలో ఉండగానే 1943లో కన్నుమూశాడు. 1945 జూలైలో పక్కనున్న హిరత్సుకాని బాంబులు తగలబెట్టాయి. యుద్ధం ఆగకపోయి ఉంటే 1946 మార్చిలో అమెరికా సైన్యం దిగాలనుకున్న తీరాల్లో ఈ సగామి తీరం ఒకటి. ఇప్పుడు పిల్లలు అలల మీద పలకలేసుకుని ఆడుకునే ఇసుక అది.

యోషిదా షిగేరు ఓయిసో మనిషి. పెంచుకున్న తండ్రి నుంచి ఇక్కడి ఇల్లు ఆయనకి దక్కింది. యుద్ధం ఆపాలని చూసినందుకు 1945 ఏప్రిల్‌లో సైనిక పోలీసులు ఆయన్ని అరెస్టు చేశారు. ఓడిపోయిన దేశంలో ఆ అరెస్టే ఆయనకి గౌరవం తెచ్చిపెట్టింది. 1946 నుంచి ఒక ఏడాది, మళ్ళీ 1948 నుంచి 1954 దాకా ప్రధానిగా ఉన్నాడు. రక్షణ భారం అమెరికా మీద ఉంచి, దేశం శక్తినంతా పరిశ్రమల మీద పెట్టాలన్నది ఆయన దారి. 1951 సెప్టెంబరు 8న శాన్ ఫ్రాన్సిస్కో శాంతి ఒప్పందం మీద సంతకం చేసి జపాన్‌కి స్వాతంత్ర్యం తిరిగి తెచ్చాడు. 1967లో ఈ ఇంట్లోనే పోయాడు. ఇల్లు 2009లో కాలిపోతే, మళ్ళీ కట్టి 2017లో జనానికి తెరిచారు. తోటలో ఏడుగురు రాజనీతిజ్ఞుల పేరున ఒక చిన్న గుడి ఉంది. ఇతో తన ఇంట్లో నలుగురు మేయిజీ పెద్దల కోసం కట్టుకున్నదాన్ని యోషిదా ఇక్కడికి తరలించాడు. ఇతో, సయొంజీ, యోషిదాలని కూడా కాలక్రమంలో అందులో చేర్చారు.

ఈ కథలో మనకీ పాలుంది. శాన్ ఫ్రాన్సిస్కో సభకి భారతదేశం వెళ్ళలేదు. జపాన్‌కి సమాన గౌరవం దక్కాలని వాదించి, 1952 జూన్ 9న విడిగా శాంతి ఒప్పందం చేసుకుంది. అందులో యుద్ధ నష్టపరిహారం అడిగే హక్కు వదులుకుంది. యోషిదా వేసిన దారిలో జపాన్ ఉక్కు మిల్లులు పెరిగినప్పుడు వాటికి కావలసిన ఇనుప ఖనిజం బైలడిలా కొండల నుంచి విశాఖ రేవు మీదుగా వచ్చింది. అనంతగిరి కనుమల్ని తొలిచి 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం జపాన్ సహకారంతో ఆ ఖనిజం కోసమే వేసింది. అరకు వెళ్ళేటప్పుడు సొరంగాలు లెక్కపెట్టే ప్రతి తెలుగు పిల్లవాడూ, తెలియకుండానే, జపాన్ పునర్నిర్మాణ చరిత్రలో ప్రయాణం చేస్తున్నాడు.

ఇక స్టేషన్‌కి ఎదురుగా ఉన్న ఆశ్రమం. అక్కడ మిత్సుబిషి సంస్థని స్థాపించిన ఇవసాకి కుటుంబానికి విడిది ఉండేది. ఆ ఇంటి ఆడపడుచు, ఒక దౌత్యవేత్త భార్య సావదా మికి. యుద్ధం ముగిసిన కొత్తలో ఆమె రైల్లో వెళ్తుంటే పైనున్న సామాన్ల అర నుంచి ఒక గుడ్డ మూట మీద పడింది. విప్పి చూస్తే చనిపోయిన పసిబిడ్డ. నల్లటి ఒళ్ళు. అమెరికన్ సైనికుడికి పుట్టిన బిడ్డ. ఆ బిడ్డ ఆమెదేనేమో అన్నట్టు పెట్టెలో అందరూ చూశారని ఆమె తర్వాత చెప్పుకున్నారు. అలాంటి పిల్లలు అప్పట్లో ఎంతోమంది పుట్టారు. తండ్రులు ఓడెక్కి పోయారు. తల్లులకి ఊళ్ళో తలెత్తుకునే దారి లేదు. ఓడిన దేశాన్ని ఏలుతున్న అమెరికా ఆక్రమణ ప్రభుత్వానికీ, జపాన్ ప్రభుత్వానికీ ఈ సంగతి బయటికి రావడమే ఇష్టం లేదు.

ఆ విడిది అప్పటికే పన్ను కింద ప్రభుత్వానికి పోయింది. మికి ఉన్నదంతా అమ్ముకుని, అప్పులు చేసి, దాన్ని తిరిగి కొని, 1948లో పిల్లల ఆశ్రమం తెరిచారు. జపాన్‌లో దశాబ్దాలు పిల్లల్ని పెంచే ఉద్యోగం చేసి ఇక్కడే పోయిన ఎలిజబెత్ సాండర్స్ అనే ఇంగ్లండు మహిళ దాచుకున్న కాస్త సొమ్మే మొదటి విరాళం. ఆశ్రమానికి ఆమె పేరే పెట్టారు. వీధిలోంచి లోపలికి వెళ్ళే దారిలో చిన్న సొరంగం ఉంది. ఆ చుట్టుపక్కలే రాత్రిపూట తల్లులు బిడ్డల్ని వదిలి వెళ్ళేవారు.

ఊరు వాళ్ళని చేరదీసిందని చెప్పలేను. పిల్లల రంగు చూసి ఎగతాళి చేసేవారు. అందుకే ఆవరణలోనే బడి పెట్టారు. యుద్ధంలో పోయిన తన కొడుకు స్టీఫెన్ పేరు దానికి పెట్టుకున్నారు మికి. నాలుగడుగులు వేస్తే సముద్రం ఉండగా, వేసవిలో స్నానాలకి పిల్లల్ని దేశానికి అవతలి వైపున్న తొత్తోరి తీరానికి తీసుకుపోయేవారు. చాలామంది పిల్లల్ని అమెరికా కుటుంబాలు దత్తు తీసుకున్నాయి. మికి స్నేహితురాలు, గాయని జోసెఫిన్ బేకర్ 1954లో ఇక్కడి నుంచి ఇద్దరు అబ్బాయిల్ని తీసుకెళ్ళి పెంచుకున్నారు. కొందరు పెద్దయ్యాక బ్రెజిల్‌లో సేద్యానికి వెళ్ళారు. 1980లో చనిపోయేదాకా మికి ఈ పని వదల్లేదు.

ఈ దేశంలో ఇంత కాలం ఉండి నాకు అర్థమైంది ఒకటుంది. జపాన్ చరిత్రని మనం మెచ్చుకోలుగా చదవడానికే అలవాటు పడ్డాం. బూడిదలోంచి లేచిన దేశం, క్రమశిక్షణ, కష్టపడే జనం అని మన బళ్ళలో చెప్పారు. అదంతా నిజమే. కానీ ఆ బూడిదకి కారణమైన దారి ఒకటుంది, అది కొరియా మీదుగా పోయింది. బూడిదలో పుట్టిన పిల్లలు ఉన్నారు, వాళ్ళని ఆదుకుంది ప్రభుత్వం కాదు, ఒక స్త్రీ. ఓయిసోలో ఇవన్నీ నడిచి చూసేంత దగ్గర్లో ఉన్నాయి.

కాబట్టి జపాన్ వస్తే ఒక రోజు ఇక్కడికి రండి. ఇతో ఉద్యానం, యోషిదా ఇల్లు తీరిగ్గా చూడండి. తర్వాత స్టేషన్ దగ్గరున్న సావదా మికి స్మారక మందిరం తెరిచి ఉందో లేదో ముందే కనుక్కుని అక్కడికీ వెళ్ళండి. ఆశ్రమం లోపలికి మాత్రం వెళ్ళకండి. అక్కడ ఇప్పటికీ పిల్లలు పెరుగుతున్నారు, అది వాళ్ళ ఇల్లు. ప్రధానుల ఇళ్ళు చూసి తిరుగు రైలెక్కేసినవాళ్ళు జపాన్ చరిత్ర సగమే చూసినట్టు.