జీవిత బీమా ప్రీమియం: పుట్టుక నుంచి అలవాటు దాకా

పరిచయం

పెనుకొండలో ఒకే వయసున్న ఇద్దరు ఒకే మొత్తానికి టర్మ్ పాలసీ కోరారనుకుందాం. ఒకరు బీడీలు తాగుతారు. మరొకరికి ఆ అలవాటు లేదు. చాలా టర్మ్ పాలసీల్లో వీరిద్దరి ప్రీమియం ఒకటిగా ఉండదు. ఎవరి ప్రాణానికి ఎక్కువ ప్రమాదం ఉందని బీమా సంస్థలు ఏ కాలంలో ఎలా లెక్కించాయో ఈ భాగంలో తెలుసుకుందాం.

1. పుట్టుకను బట్టి ప్రీమియం

మన దేశంలో తొలి జీవిత బీమా సంస్థ ‘ఓరియంటల్’ 1818లో కలకత్తాలో ఏర్పడింది. 1829లో ‘మద్రాసు ఈక్విటబుల్’ మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ వ్యాపారం ప్రారంభించింది. పెనుకొండ ప్రాంతం అప్పుడు అదే ప్రెసిడెన్సీలో, బళ్లారి జిల్లాలో ఉండేది. 1882లో అనంతపురం జిల్లాలోకి వచ్చింది. ఆనాటి ఐరోపా సంస్థలు భారతీయుల నుంచి అదనపు ప్రీమియం వసూలు చేసేవి. ఎంత ఆరోగ్యవంతుడైనా భారతీయుడిగా పుట్టినందుకే ఎక్కువ చెల్లించాల్సి వచ్చేది. 1870లో స్థాపితమైన బొంబాయి మ్యూచువల్ సంస్థ భారతీయులకు సాధారణ రేట్లకే బీమా ఇచ్చి ఈ వివక్షను సవాలు చేసింది.

2. ఆరోగ్యాన్ని బట్టి ప్రీమియం

ప్రీమియం పట్టికలను యాక్చువరీ ధ్రువీకరించాలని 1912 చట్టం నిర్దేశించింది. తెలుగునాట 1925లో మచిలీపట్నంలో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ ఏర్పడింది. దాని స్థాపకుడు భోగరాజు పట్టాభి సీతారామయ్య స్వయంగా వైద్యుడు. వయసు, బరువు, రక్తపోటు, కుటుంబంలోని వ్యాధులు, వైద్య పరీక్ష ఫలితాలు ప్రీమియం నిర్ణయానికి ఆధారాలయ్యాయి. 1956లో 245 సంస్థలను విలీనం చేసి భారతీయ జీవిత బీమా సంస్థను స్థాపించినా ఈ పద్ధతి కొనసాగింది.

3. అలవాటును బట్టి ప్రీమియం

పొగతాగడానికీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని 1950లో బ్రిటన్‌లో డాల్, హిల్ అనే పరిశోధకులు చూపారు. 1964లో అమెరికా ప్రభుత్వ సర్జన్ జనరల్ నివేదిక దాన్ని ధ్రువపరిచింది. అదే ఏడాది అక్కడి స్టేట్ మ్యూచువల్ సంస్థ పొగతాగనివారికి తక్కువ ప్రీమియంతో పాలసీలు ప్రవేశపెట్టింది. మన జీవిత బీమా సంస్థ 2019లో తెచ్చిన జీవన్ అమర్, టెక్ టర్మ్ పాలసీల్లోనూ రెండు రేట్లుండేవి. తక్కువ రేటు కావాలంటే మూత్రంలో కొటినిన్ పరీక్ష చేయించుకోవాల్సి ఉండేది. నికోటిన్ శరీరంలో కొటినిన్‌గా మారుతుంది. కాబట్టి బీడీ తాగినా, గుట్కా నమిలినా అది బయటపడుతుంది.

4. నిజం చెప్పడం ఎందుకు ముఖ్యం?

ప్రపోజల్ ఫారంలో అలవాటును దాచితే ఆ నష్టం చివరికి నామినీ మీద పడుతుంది. 2015లో సవరించిన బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం, పాలసీ మొదలైన మూడేళ్లలోపు మోసం లేదా ముఖ్య విషయాల దాపరికం రుజువైతే సంస్థ పాలసీని రద్దు చేయవచ్చు. మూడేళ్లు దాటాక ఏ కారణంతోనూ పాలసీని ప్రశ్నించడానికి వీల్లేదు.

అన్ని పథకాలూ అలవాట్లను లెక్కించవు. 2015లో మొదలైన ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమాలో చేరినవారందరికీ ప్రీమియం ఒకటే. 2022 జూన్ నుంచి అది ఏడాదికి 436 రూపాయలు, బీమా మొత్తం 2 లక్షలు. వైద్య పరీక్ష అవసరం లేని ఈ పథకంలో ప్రమాద భారాన్ని సభ్యులందరూ పంచుకుంటారు.

ముగింపు

ప్రీమియానికి ఆధారం పుట్టుక నుంచి ఆరోగ్యానికీ, ఆరోగ్యం నుంచి అలవాటుకూ విస్తరించింది. పుట్టుకను ఎవరూ మార్చుకోలేరు. అలవాటును మార్చుకోవచ్చు. ఈ రెండు రకాల తేడాలనూ ఒకే గాటన కట్టలేమని చెప్పేది ఈ కారణంగానే.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. బొంబాయి మ్యూచువల్ సంస్థ ప్రాధాన్యం ఏమిటి?
2. అలవాటును బట్టి ప్రీమియం నిర్ణయించడం న్యాయమేనా? కారణాలతో చర్చించండి.