గోడాదరా తెలుగు వాడలు, మాస్కుల కాలం

సూరత్ తూర్పు భాగంలో లింబాయత్, పర్వత్ పాటియా, డిండోలీల సరసన ఉన్న గోడాదరా, గుజరాత్‌లో భాషాపరంగా అల్పసంఖ్యాకులైన తెలుగువారు స్థిరపడిన ప్రాంతాల్లో ఒకటి. పాత కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల్లో చేతిమగ్గం కూడు పెట్టలేని రోజులు వచ్చాక, పద్మశాలీ కుటుంబాలు భివండీ, సోలాపూర్, సూరత్‌ల బాట పట్టాయి. సూరత్‌లో చాలామందికి దొరికింది సాంచెల (మరమగ్గాల) మీద పని. నేసిన మీటర్లను బట్టి కూలి. సాంచె ఆగితే సంపాదన ఆగినట్టే. ఇళ్లలో ఆడవాళ్లు చీరలకు లేసులు కుడతారు, రాళ్లు అతుకుతారు, దారాలు కత్తిరిస్తారు.

ముక్కుకు గుడ్డ కట్టుకోవడం ఈ నగరానికి 2020లో కొత్తగా వచ్చింది కాదు. 1994 సెప్టెంబరులో తాపీ వరదల వెంటే ఊపిరితిత్తుల ప్లేగు భయం సూరత్‌ను కమ్మింది. జనం చేతిరుమాళ్లు మూతికి చుట్టుకుని తిరిగారు, టెట్రాసైక్లిన్ బిళ్లల కోసం దుకాణాల మీద పడ్డారు. కొద్ది రోజుల్లోనే లక్షల మంది వలస కార్మికులు రైళ్లెక్కి వెళ్లిపోయారు.

2020 మార్చి 25న మొదలైన కరోనా లాక్‌డౌన్‌లో ఆ దారి కూడా మూసుకుపోయింది. రైళ్లు లేవు, సాంచెలు నిలిచాయి, రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లకు తాళాలు పడ్డాయి. ఏప్రిల్ నాటికి లింబాయత్ ప్రాంతం నగరంలో కేసులు ఎక్కువగా ఉన్న చోట్లలో ఒకటయింది. ఇరుకు గదుల్లో కాపురముండేవారికి ఎడం పాటించడం అయ్యే పని కాదు. మిగిలిన రక్షణ మాస్కే. అది కొనాలంటే చేతిలో కూలి డబ్బు లేదు. ఉచితంగా పంచిన మాస్కు విలువ ఇక్కడే తెలుస్తుంది. ఆగస్టులో గుజరాత్‌లో మాస్కు లేనివారికి జరిమానా 1000 రూపాయలకు పెరిగింది. సాంచె కార్మికుడికి అప్పట్లో అది రెండు మూడు రోజుల కూలి.

బట్ట నేసే ఊరిలో మాస్కుకు బట్ట కరువేమిటనిపించవచ్చు. సూరత్‌లో ప్రధానంగా తయారయ్యేది పాలిస్టర్. ఒంటిపొర చీర గుడ్డ తుంపరలను సరిగా ఆపదు, చెమటనూ పీల్చదు. 2020లో భారత ప్రభుత్వం ఇచ్చిన సూచన పాత నూలు గుడ్డనే వాడమంది: ఉతికి, ఉప్పు వేసిన నీళ్లలో 5 నిమిషాలు మరగబెట్టి, ఆరాక రెండు పొరలుగా కుట్టాలి. మనిషికి రెండైనా ఉండాలి, ఒకటి ఉతికి ఆరేసినప్పుడు రెండోది వాడుకోవడానికి. జూన్ 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ మూడు పొరల పద్ధతి చెప్పింది: లోపల నూలు, నడుమ పాలీప్రొపిలీన్, బయట నీరు అంటని పాలిస్టర్ వంటి గుడ్డ. సూరత్ బట్టకు తగిన చోటు ఆ బయటి పొర.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 ఏప్రిల్‌లో మనిషికి 3 చొప్పున, మొత్తం సుమారు 16 కోట్ల మాస్కులు పంచాలని నిర్ణయించి, కుట్టుపనిని పొదుపు సంఘాల మహిళలకు అప్పగించింది. మాస్కుతోపాటు వారికి కూలీ దక్కింది. గుజరాత్‌లో ఉంటున్న తెలుగువారు ఆ పంపిణీ పరిధిలోకి రాలేదు. వారు ఉన్న ఊరి నగరపాలక సంస్థ వైపు, స్వచ్ఛంద సంస్థల వైపు, తమ సంఘాల వైపు చూడవలసి వచ్చింది. మాస్కు ఇచ్చేవారు ముక్కు కూడా కప్పాలని, తడిస్తే మార్చాలని తెలుగులో చెప్పడం కూడా అవసరమయింది. గుజరాతీ, హిందీ ప్రకటనలు చదవలేని పెద్దవాళ్లు ఆ ఇళ్లలో ఉన్నారు.