ఆరాధనకు ఆహ్వానం (క్రైస్తవం)

తెలిసినవారిని చర్చికి పిలవడాన్ని క్రైస్తవులు విశ్వాస సాక్ష్యంగా భావిస్తారు. దీనికి యోహాను సువార్త మొదటి అధ్యాయం ఆధారం. అంద్రెయ తన సోదరుడు సీమోనును యేసు దగ్గరికి తీసుకొస్తాడు. ఫిలిప్పు, సందేహపడుతున్న నతనయేలుతో వాదనకు దిగకుండా, వచ్చి చూడమంటాడు.

తెలుగునాట ఈ పిలుపు మిషనరీల ప్రసంగాలకన్నా బంధుత్వాల వెంటే ఎక్కువ దూరం వెళ్ళిందనాలి. ఒంగోలు ప్రాంతపు తోళ్ళ వ్యాపారి యర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం పొందాడు. బేరానికి తిరిగే ఊళ్ళలోని మాదిగ బంధువులకు తన నమ్మకం చెప్పాడు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌను వాళ్ళ మధ్యకు రప్పించాడు. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత పనిని కాంట్రాక్టుకు తీసుకుని కరువు బాధితులకు కూలి పని కల్పించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని అప్పట్లో బాప్తిస్మాలు ఆపాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

నేడు ఆదివారం ఆరాధనకన్నా డిసెంబరులో పండుగకు ముందే జరిగే సెమీ క్రిస్మస్ వేడుకకు పిలవడం తేలిక. ఇరుగుపొరుగు హిందువులు, ముస్లింలు కూడా వస్తారు; కొవ్వొత్తి వెలిగించి, కేకు ముక్క తిని వెళ్తారు. మళ్ళీ వచ్చేవారు కొందరే.