మన పిండివంటలు – గృహిణుల పొదుపు

మన గ్రంథాలయమునుండి చరిత్ర గ్రంథములు తీసికొని పోవు పాఠకులు తక్కువవారు కారు. కాని ఆ గ్రంథములలో కోటలకు దొరికిన చోటు వంటయింటికి దొరకదు. అరిసెల మూకుడు, ఉట్టిమీది కుండ, అటకమీది డబ్బా శాసనముల కెక్కలేదు. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో కావ్యములనుండి భోజన పదార్థముల నేరి చూపి యీ లోటును కొంత తీర్చిరి. ఆ దారినే నాలుగడుగులు నడచి, పిండివంటకును పొదుపునకును గల చుట్టరికమును పాఠకులకు చూపదలచితిని.

పిండివంట యనగానే పండుగ, వేడుక, ఖర్చు మనసునకు వచ్చును. నా యభిప్రాయము వేరు. మన పాత తీపి వంటలలో అనేకము ముందుగా నిల్వ చేసికొను ఉపాయములు. వేడుక తరువాతి మాట. అరిసెనే చూడుడు. సంక్రాంతి నాటికి కొత్త ధాన్యము ఇల్లు చేరును. గానుగలాడి కొత్త బెల్లమును అప్పుడే వచ్చును. నానబెట్టిన బియ్యమును వడకట్టి, తడి ఆరకముందే దంచి, జల్లించి, ఉండపాకములో పోసి కలుపుదురు. పాకము కుదిరినదో లేదో తెలియుటకు చుక్క నీళ్లలో వేసి వ్రేళ్లతో ఉండ కట్టి చూచుటయే కొలత, గడియారముతో పనిలేదు. చిక్కని పాకము పిండిలోని తడిని పట్టి యుంచును, కాగిన నూనె మిగిలిన తడిని చాలవరకు హరించును. తడి చాలనిచోట బూజు పెరుగదు. కావుననే అరిసె వారములతరబడి చెడకుండ నుండును, ఆడపడుచు సారెతో ఊళ్లు దాటి పోవును.

ఇక ఆ వంటలో వ్యర్థమైన దేమున్నది? వేగిన అరిసెను రెండు గరిటెల నడుమ నొక్కగా కారిన నూనె మరల మూకుటిలోనికే చేరును. జల్లెడలో నిలిచిన నూక మరునాటి ఉప్మా యగును. కొంచెము తడిపిండిని విడిగా తీసి పాకముతో కలిపిన చలిమిడి యగును. నెయ్యి కాచిన గిన్నె అడుగున మిగిలిన గసిలో కాస్త బెల్లము కలిపిన పిల్లలకది పండుగయే. ఆ గిన్నెను తోముటకు ముందు దానిలో అన్నము కలుపని యిల్లు నే నెరుగను.

ఈ ముందుచూపు నిన్న మొన్నటిది కాదు. కృష్ణదేవరాయలు (పాలన 1509–1529) తన 'ఆముక్తమాల్యద'లో విష్ణుచిత్తుడు అతిథులకు పెట్టు భోజనమును ఋతువుల ననుసరించి వర్ణించెను. వాన విడువని దినములలో ఆ యింట వడ్డించినవానిలో వడియములు, వరుగులు కలవు. వరుగులనగా ఎండలో ఎండించి దాచిన కూరగాయ ముక్కలు. తడిసిన కట్టెలు మండని యా కాలమున పొయ్యిలోనికి కొబ్బరి పెచ్చులు వచ్చినవి. వేసవి యెండను వానకాలపు విస్తరిలోనికి తెచ్చిన గృహిణిని, చక్రవర్తియైన కవి గమనించెనని సంతోషింపవలెను.

అయితే పై చెప్పినది ధాన్యము ఇంటికి వచ్చినవారి చరిత్ర. గాదె లేని యింట అరిసె యేటి కొకమారైన దుర్లభము. అచటి తీపి నువ్వులు, బెల్లము దంచిన చిమ్మిలి. బెల్లము కలిపిన పేలాలు. తెలంగాణమున సద్దుల బతుకమ్మకు చేయు మలీద ముద్దలు రొట్టెను నలిపి బెల్లము కలిపి కట్టినవే. మిగిలిన రొట్టెను తీపి చేయు నుపాయమున కింతకన్న గౌరవమేమి కావలెను?

బెల్లపు ఏలుబడికి అడ్డు వచ్చినది మిల్లు పంచదార. 1932లో చక్కెర పరిశ్రమకు రక్షణ చట్టము కలిగినది. బోధనులో 1937లో నిజాం చక్కెర కర్మాగారము, ఉయ్యూరులో 1941లో మరియొకటి వెలసినవి. తెల్లని పంచదార పెద్దరికమునకు గురుతై, బెల్లము నాటుసరుకైనది. కాని రెండవ ప్రపంచయుద్ధ కాలమున పంచదార రేషనుకార్డుపై తూచి యిచ్చు వస్తువైనది. 1947లో కంట్రోలు ఎత్తివేసినను 1949లో మరల విధించిరి. ఆ దినములలో ఇంటిమర్యాద నిలిపినది చిన్నచూపునకు గురియైన బెల్లమే. బోధను కర్మాగారము 2015లో మూతబడినది. సంక్రాంతికి బెల్లపు పాకము మాత్రము నేటికిని కాగుచున్నది.

డబ్బాల సంగతియు ఒక్కమాట. కిరసనాయిలు డబ్బాను బూడిదతో తోమి, ఎండబెట్టి, పైన మూత పెట్టించినచో జంతికలకు పెట్టె యయ్యెను. 1937 నుండి అంగళ్లకు వచ్చిన డాల్డా ఖాళీ డబ్బాలలో కొన్నిట పోపు గింజలు చేరగా, కొన్నిట తులసి మొలిచినది.

ఇన్ని చెప్పియు దాచరాని దొకటి కలదు. పొదుపు ఇంటి యజమాని పేర చెల్లెను. రోకటి పోటు మాత్రము ఆడవారిదే. కుంచము బియ్యము తడిపిండి కొట్టుట, పొగలో పాకము తిప్పుట, అందరును తినిన పిమ్మట విరిగిన అరిసె తాను తినుట, ఇవి ఏ పద్దులోను వ్రాయబడలేదు. పిండి మరలు వచ్చి రోకలి మూలపడినందుకు విచారించువారు సాధారణముగా రోకలి పట్టనివారే! ఇప్పుడు అరిసెలు అంగట కొనుట తప్పనువారితో నేను ఏకీభవింపను. పాకము పట్టు తెలిసిన చేతులకు కూలి గిట్టుచున్నదా యనునదియే అడుగవలసిన ప్రశ్న.

గోదావరి తీరమున ఆత్రేయపురమునందు ఆ మార్పు కంటికి కనబడును. బోర్లించిన కుండ అడుగు వేడెక్కగా, పలుచని బియ్యపు పిండిలో ముంచిన గుడ్డ నొకమారు దానిపై లాగి, కాగితము వంటి రేకును ఒలిచి తీయుదురు. నేతితో బెల్లమో పంచదారయో చల్లి మడిచినదే పూతరేకు. ఒకనాటి యింటివిద్య అచట అనేకమంది స్త్రీలకు జీవనాధారమైనది. 2023లో ఆత్రేయపురము పూతరేకునకు భౌగోళిక గుర్తింపు లభించినది. రేకు తీయు నామె మాత్రము నేటికిని పొయ్యి సెగ ముందరనే కూర్చుండి, ఒక్కొక్క రేకే తీయుచున్నది.