నడుస్తున్న పనిని ఆపడం: డేటాబేస్ రద్దు చరిత్ర

తిరుపతి స్టేషను రిజర్వేషన్ కౌంటరు ముందు మీలో చాలామంది వరుసలో నిలబడే ఉంటారు. కంప్యూటర్లు రాకముందు బెర్తుల వివరాలు రిజిస్టర్లలో ఉండేవి. గుమాస్తా పేరు రాస్తుండగా "వద్దులెండి" అంటే, కలం ఆపి రాసినంత కొట్టివేసేవాడు. మాట వినేదీ, రాసేదీ ఒక్కరే. దక్షిణ మధ్య రైల్వే 1994లో సికింద్రాబాదులో 'కాన్సర్ట్' వ్యవస్థను ప్రవేశపెట్టింది. ఇటువంటి వ్యవస్థల్లో కౌంటరు తెర ఒకచోట, బెర్తుల పట్టిక మరొకచోట ఉంటాయి. తెర దగ్గర "వద్దు" అన్నంత మాత్రాన అక్కడి పని ఆగదు. మన చర్చకు మూలం ఇదే.

ఒకే ప్రోగ్రాములో ఏకకాలంలో సాగే పనులను థ్రెడ్‌లు అంటారు. ఒక థ్రెడ్ డేటాబేస్‌ను ప్రశ్న అడిగి జవాబు కోసం వేచి ఉంటుంది. అది మరే మాటా వినలేదు. కనుక రద్దు కోరవలసింది మరో థ్రెడ్.

మొదటి సమస్య: సగం జరిగిన పనిని ఏం చేయాలి? 1970లలో ఐబీఎం సంస్థ చేపట్టిన 'సిస్టమ్ ఆర్' పరిశోధనలో జిమ్ గ్రే తదితరులు దీనికి దారి చూపారు. ప్రతి మార్పునూ 'లాగ్' అనే చిట్టాలో రాసుకుంటే, దాన్ని వెనుక నుంచి చదువుతూ మార్పులను ఉపసంహరించవచ్చు. ఇదే రోల్‌బ్యాక్. మన పొరుగున ఉన్న మద్రాసు ఐఐటీలో చదివిన సి. మోహన్, ఆయన సహచరులు 1992లో 'ఏరీస్' పద్ధతితో దీన్ని మరింత పటిష్ఠం చేశారు.

రెండవ సమస్య: ఆపమని ఎలా చెప్పాలి? జావా భాషలో థ్రెడ్‌ను బలవంతంగా ఆపే 'స్టాప్' ఆదేశం ఉండేది. అది తాళాలను మధ్యలోనే విడిచిపెట్టి, సమాచారాన్ని అస్తవ్యస్తం చేసేది. అందుకే 1998లో వెలువడిన జావా 1.2 దాన్ని వాడవద్దని సూచించింది. సరైన మార్గం, మరో థ్రెడ్ నుంచి 'క్యాన్సిల్' పిలవడం. పోస్ట్‌గ్రెస్‌లో ఈ విన్నపం వేరే కనెక్షన్ ద్వారా, ప్రాసెస్ సంఖ్య, రహస్య సంకేతంతో వెళుతుంది. సర్వరు దానికి బదులు చెప్పదు. పని చేస్తున్న ప్రాసెస్ సురక్షితమైన చోట దాన్ని గమనించి తానే ఆగుతుంది.

కనుక రద్దు అనేది ఆజ్ఞ కాదు, విన్నపం. అది చేరేలోగా పని పూర్తయిపోవచ్చు కూడా.

శ్రీవారి రూ.300 దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లో విడుదలయ్యే రోజు రద్దీని ఊహించండి. అటువంటి చోట మీ ప్రోగ్రాము తెర మూసి ఊరుకుంటే, సర్వరులో ఆ ప్రశ్న నడుస్తూనే ఉండి, తాళాలు పట్టుకుని, వెనుకవారిని నిలబెట్టవచ్చు. డబ్బు కట్టి, టికెట్ వచ్చిందో లేదో తెలియని భక్తుడు మళ్లీ డబ్బు కట్టవచ్చు. అందుచేత రద్దు కోరిన తరువాత ఫలితాన్ని తప్పక పరిశీలించండి. పని ఆగి ఉంటే లావాదేవీని రోల్‌బ్యాక్ చేయండి. పూర్తయి ఉంటే ఆ సంగతి వినియోగదారుకు చెప్పండి.

మీ ప్రగతిని సరిచూసుకోండి: రద్దు విన్నపాన్ని పని చేస్తున్న థ్రెడ్ కాక మరో థ్రెడ్ ఎందుకు పంపాలి?