మహర్నవమియు కప్పమును

పెనుగొండ కోటను చూచినప్పుడెల్ల నాకు హంపిలోని మహర్నవమి దిబ్బ జ్ఞప్తికి వచ్చును. 1565వ సంవత్సరము జనవరి మాసమున తళ్లికోట యుద్ధమందు అళియ రామరాయలు కూలగా, తిరుమలరాయలు రాజధానిని విడిచి యీ పెనుగొండకే చేరెను. దిబ్బపై నవరాత్ర వైభవము నాటితో నంతరించెను.

ఆ యుత్సవమును కృష్ణదేవరాయల యేలుబడిలో, 1520 ప్రాంతమున, పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయిస్ కన్నులార చూచి వ్రాసినాడు. రాజు తొమ్మిదినాళ్లు పగలెల్ల నుపవసించి నడురేయి మాత్రమే భుజించునట. జెట్లు పోరాడుదురు, అలంకృతాశ్వములు నడచును. కొందఱు స్త్రీలు తాల్చిన నగల బరువునకు తాళలేకుండగా, తోడి స్త్రీలు వారి చేతులను పట్టి నడిపించిరట! తొలినాడు 24 దున్నపోతులును 150 గొఱ్ఱెలును బలియయ్యెను. కడపటినాడు 250 దున్నలు, 4,500 గొఱ్ఱెలు. పిదప సైన్యమంతయు రాజునెదుట బారులు తీరెను.

ఇంత ద్రవ్య మెక్కడిది? 1535 ప్రాంతమున గుఱ్ఱపు వర్తకుడు నూనిజ్ దీనికి జవాబు వ్రాసియుంచెను. సెప్టెంబరు నెలలోని యీ తొమ్మిది దినములందే నాయకులు రాజునకు కప్పము చెల్లింపవలెను. రైతు తన పంటలో పదింట తొమ్మిదిపాళ్లు దొరల కిచ్చుచుండెనని కూడ నాతడు చెప్పెను. ఈ లెక్కను నేను యథాతథముగ నమ్మజాలను. పరదేశి విన్నమాట కావచ్చును. కాని నాయకుడు కట్టినది రైతునొద్ద రాబట్టినదే గదా. మన సీమలో సెప్టెంబరు వానయే ప్రాణము. అది కురియకున్న కొఱ్ఱ లేదు, జొన్న లేదు. వాన యేమగునో తేలని దినములలోనే రాజధానియందు కప్పపు లెక్కలు ముగియుచుండెను.

యవనదేశమందును ఇట్లే యుండెను. ఏథెన్సు పౌరులు ఎథీనాదేవికి ఏటేట నుత్సవము చేయుచు, నాలుగేండ్ల కొకమాఱు దానిని ఘనముగ జరుపుచుండిరి. స్త్రీలు నేసిన వస్త్రమును దేవికై యూరేగించి, ఆవులను బలియిచ్చి, మాంసమును పౌరులకు పంచిపెట్టుచుండిరి. పౌరుల కది విందే. కాని క్రీ.పూ. 425 నాటి శాసనము ననుసరించి వారి యేలుబడిలోని ప్రతి పట్టణమును ఒక యావును కవచాయుధములను తెచ్చి యీ యుత్సవమున సమర్పింపవలెను. ఆ పట్టణముల కప్పమును నిర్ణయించుటయు మహోత్సవ సమయముననే.

రాజ ఒడయరు 1610లో శ్రీరంగపట్టణమున దసరాను ప్రారంభించి విజయనగరపు ఆచారమును నిలిపెను. హంపి దిబ్బమాత్రము పాడుపడినది. దాని రాతి యంచులపై ఏనుగులు, గుఱ్ఱములు, వేటగాండ్రు, నాట్యకత్తెలు నేటికిని వరుసలుగ నున్నారు. మడకపట్టిన రైతుబొమ్మకై ఒక సాయంకాలమెల్ల చుట్టును తిరిగి వెదకితిని; నాకు కానరాలేదు.