విహంగ వీక్షణం ఎవరి చూపు?

సాహిత్య చరిత్ర పాఠాల్లో 'విహంగ వీక్షణం' అనే మాటను మేం లెక్చరర్లం తెగ వాడతాం. అమెరికాలో ఆ చూపుతో ఒక వ్యాపారమే నడిచిందని తెలిశాక, ఆ మాట పలికే ముందు ఆగి ఆలోచిస్తున్నాను.

అక్కడ అంతర్యుద్ధం ముగిసిన దగ్గర్నుంచి 1920ల దాకా, పెరుగుతున్న పట్టణాలను ఆకాశం నుంచి చూసినట్టు పటాలు గీసి అచ్చువేసి అమ్మారు. గీసినవాళ్లు ఎగరలేదు. వీధి వీధీ నడిచి, ఒక్కో ఇల్లూ, చర్చీ, మిల్లూ చూసి గీసుకుని, తర్వాత బల్ల దగ్గర కూర్చుని వాటన్నిటినీ ఒకే పటంలో అమర్చారు. ముందుగా చందాలు వసూలు చేసేవాళ్లు. డబ్బు కట్టిన వ్యాపారి భవనాన్ని అంచుల్లో విడిగా, పెద్దగా వేసేవాళ్లు. పొగగొట్టాల నిండా పొగ, పట్టాల మీద రైలు. 'మా ఊరు ఎదుగుతోంది, పెట్టుబడితో రండి' అని పిలిచే బొమ్మలవి.

ఈ పనిలో అందరికంటే పేరున్నవాళ్లలో థాడియస్ ఫౌలర్ ఒకడు. 400కు పైగా పట్టణాలు గీశాడు. డెబ్బై దాటిన వయసులో, 1918లో, ఆయన సంస్థ ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సా పటం వేసింది. చమురు డబ్బుతో ఉబ్బుతున్న నగరం అది.

ఇలాంటి పటంలో రైలు పట్టాలు కనిపిస్తాయి. వాటి అర్థం కనిపించదు. టల్సాలో పట్టాలకు ఉత్తరాన ఉన్నది గ్రీన్‌వుడ్, నల్లవాళ్ల పేట. 1907లో రాష్ట్రం ఏర్పడగానే చేసిన మొదటి చట్టం రైళ్లలో నల్లవాళ్లకు వేరే పెట్టె. 1916లో నగరం ఇళ్లను కూడా రంగును బట్టి విడదీస్తూ శాసనం చేసింది. 'పట్టాల అవతల' అంటే మనకు విడమర్చి చెప్పాలా? మా ఊళ్లో పంట కాలవ అవతల, అంతే తేడా.

అయినా గ్రీన్‌వుడ్ ఎదిగింది. హోటళ్లు, థియేటర్లు, పత్రికలు, డాక్టర్లు, లాయర్లు. ఆ ఎదుగుదలే కంటగింపైంది. 1921 మే 31 రాత్రి తెల్లవాళ్ల మూక దాడికి దిగింది. మర్నాటికి 35 వీధి బ్లాకులు బూడిద. వెయ్యికి పైగా ఇళ్లు కాలిపోయాయి. 300 మంది దాకా చనిపోయి ఉంటారని అంచనా. ఆ పొద్దున పేట మీద విమానాలు తిరిగాయి. అక్కడి నల్లజాతి లాయరు బి. సి. ఫ్రాంక్లిన్ తాను చూసింది 1931లో రాసిపెట్టాడు: పైనుంచి నిప్పు కురిసిందని. ఫౌలర్ ఊహించి గీసిన ఎత్తు నుంచే, మూడేళ్లకు, నిజంగా మంట దిగింది.

తర్వాత నగర పాలకులు కొత్త అగ్నిమాపక నిబంధనలు తెచ్చి, అక్కడ మళ్లీ ఇళ్లు లేవకుండా చూశారు. కాలిన నేల మీద గుడారం వేసుకుని, అందులోనే ఆఫీసు పెట్టి ఫ్రాంక్లిన్ కోర్టులో పోరాడాడు. గెలిచాడు. జనం మళ్లీ కట్టుకున్నారు.

పైచూపు తప్పని నేను అనను. మన జాషువా 1941లో గబ్బిలాన్ని ఎగరేశాడు కదా. గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలో వేలాడే గబ్బిలానికి తన గోడు చెప్పి, దేశం మీదుగా కాశీకి పంపాడు. అదీ విహంగ వీక్షణమే. దానికి చందా కట్టినవాడు లేడు.

విద్యార్థి మిత్రులకు ఒక్క మాట. ఏ పటం ముందు నిలబడ్డా రెండు ప్రశ్నలు అడగండి: దీనికి డబ్బు కట్టింది ఎవరు? గీత అవతల ఉన్నది ఎవరు?

జై భీమ్. మిగతాది వచ్చే భాగంలో.